‘షా’ నుంచి చెక్కు దాకా

బ్యాంకులో ఇచ్చే చెక్కు, దర్జీ కుట్టిన చెక్స్ చొక్కా, సరిహద్దులో లారీలను నిలిపే చెక్‌పోస్టు, వాగుకు అడ్డంగా కట్టిన చెక్‌డ్యాము, ఆస్పత్రిలో చెకప్, రైల్లో చెకింగ్. ఇన్నిచోట్ల వినబడే ‘చెక్’ ఒకే మాటా, లేక ఒకేలా పలికే వేరువేరు మాటలా? కాగితానికీ, గళ్ళ గుడ్డకీ, వాగులో గోడకీ పైకి ఏ సంబంధమూ కనబడదు. అయినా ఇవన్నీ ఒకే మాట బిడ్డలు. ఆ మాట పుట్టింది ఇంగ్లండులో కాదు. పర్షియాలో ఒక ఆటగాడు ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసి, ‘షా’ అని హెచ్చరించిన ఆ ఒక్క అక్షరంలో దాని పుట్టుక ఉంది.

నిఘంటువులు ఈ మాటకు అర్థాలను వరసగా అంకెలు వేసి ఇస్తాయి. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఆ అర్థాలను చూస్తే, ఒకటి మరొకటిగా ఎందుకు మారిందో తెలియదు. అది తెలియాలంటే ఆ మాటను వాడినవాళ్ళు ఏ పనిలో ఉన్నారో, వాళ్ళ ముందు బల్ల మీద ఏమున్నాయో చూడాలి. అలా చూసినప్పుడు ఈ చరిత్ర రెండు పాయలుగా కనబడుతుంది. ఒక పాయ ఆటగాడి నోటి నుంచి వచ్చిన హెచ్చరికది. రెండో పాయ అతని ముందున్న గళ్ళ బల్లది. వందల ఏళ్ళు విడివిడిగా నడిచిన ఈ రెండూ చివరికి బ్యాంకు చెక్కు దగ్గర కలిశాయి.

చదరంగం భారతదేశంలో పుట్టిందన్నది చరిత్రకారుల్లో అత్యధికులు ఒప్పుకునే మాట. చతురంగమంటే రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సేన. ఎనిమిదేసి గళ్ళ బల్లను అష్టాపదం అనేవారు. ఏడో శతాబ్దిలో బాణభట్టు హర్షచరిత్రలో తన రాజు పాలనలోని శాంతిని పొగుడుతూ, చతురంగ విన్యాసం నేర్పేవి అష్టాపదాలు మాత్రమేనని శ్లేషగా చెప్పాడు. ఆట గురించిన తొలి ప్రస్తావనల్లో ఇది ఒకటి. పర్షియాకు ఆట చేరిన తీరును పహ్లవీ భాషలోని ఒక చిన్న గ్రంథం కథగా చెబుతుంది. ఒక భారతీయ రాజు ఖుస్రూ అనూషిర్వాన్ కొలువుకు చదరంగాన్ని పంపి, దాని మర్మం విప్పమని సవాలు చేశాడట. బుజుర్గ్‌మిహ్ర్ అనే మంత్రి దాన్ని విప్పాడట. ఖుస్రూ 531 నుంచి 579 దాకా పాలించాడు. కథలో ఎంత నిజముందన్నది పక్కన పెట్టినా, ఆట నడిచిన దారి మాత్రం పేరులోనే ఉంది. సంస్కృత చతురంగం పర్షియాలో ‘చత్రంగ్’ అయింది, అరబ్బుల నోట ‘షత్రంజ్’ అయింది.

ఆటతోపాటు ఒక మర్యాద కూడా ప్రయాణించింది. ఎదుటి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు నోటితో చెప్పి తీరాలి. పర్షియన్లు ‘షా’ అనేవారు. రాజా, జాగ్రత్త అని దాని భావం. ఈ ‘షా’కు చాలా పాత ఇంటిపేరు ఉంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దిలో డేరియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో రాజు అనే అర్థంలో ‘ఖ్షాయథియ’ అన్న పదం ఉంది. కాలక్రమంలో అదే అరిగి ‘షా’ అయింది. దాని ధాతువుకూ, పాలనాధికారాన్ని చెప్పే వైదిక పదం ‘క్షత్ర’కూ రక్తసంబంధం ఉందని భాషాశాస్త్రం నిరూపించింది. కాబట్టి మన ‘క్షత్రియ’ శబ్దమూ, లండన్ బ్యాంకు గుమాస్తా నోటి ‘చెక్’ శబ్దమూ దూరపు జ్ఞాతులు.

రాజు ఇక కదలలేని స్థితికి చేరితే ‘షా మాత్’ అనేవారు. ఇంగ్లీషు ‘చెక్‌మేట్’ ఇందులోంచి వచ్చిందే. రాజు చనిపోయాడని దీనికి అర్థం చెప్పడం వాడుకలో ఉంది. అరబ్బీలో ‘మాత’ అంటే చనిపోయాడు కనుక ఆ అర్థం పుట్టింది. పర్షియన్ ‘మాత్’కు మాత్రం దిక్కుతోచనివాడు, చేష్టలుడిగినవాడు అని అర్థం. నాకు ఈ రెండోదే సరైనదనిపిస్తుంది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు, బల్ల మీది నుంచి ఎత్తెయ్యరు. దారులన్నీ మూసుకుపోయాయని తేల్చి ఆట ఆపేస్తారు. తెలుగులో మనం అనే ‘ఆటకట్టు’ ఆ స్థితికి ‘చెక్‌మేట్’ కన్నా దగ్గరగా ఉంది.

అరబ్బుల వెంట ఈ ఆట స్పెయిన్, ఇటలీ మీదుగా పశ్చిమ యూరప్ చేరింది. స్విట్జర్లాండులోని ఐన్‌సీడెల్న్ మఠంలో భద్రపరచిన ఒక లాటిన్ పద్యం పదో శతాబ్ది చివరిది. చదరంగాన్ని వర్ణించిన యూరపు రచనల్లో దానికన్నా పాతది లేదు. లాటిన్ పలుకుబడిలో ‘షా’ కాస్తా ‘స్కాకుస్’ అయింది. పాత ఫ్రెంచిలో ‘ఎస్చెక్’ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఆ ఫ్రెంచి మాట తొలి అచ్చును పోగొట్టుకుని ఇంగ్లీషులోకి దిగింది. ఏకవచనం ‘చెక్’గా, బహువచనం ‘చెస్’గా నిలబడ్డాయి. ఒకే మాట ఏకవచనమూ బహువచనమూ విడిపోయి, ఒకటి హెచ్చరికకూ రెండోది ఆటకూ పేర్లు కావడం అరుదైన సంగతి.

రాజుకు చెక్ అన్నాక ఆటగాడు తన పన్నాగాలన్నీ పక్కన పెట్టాలి. ముందు రాజును కాపాడుకోవాలి. వేరే ఎత్తు వేయడానికి వీల్లేదు. ఈ నియమంలోంచే మాట ఆట దాటి బయటికి వచ్చింది. అనుకున్న పని ముందుకు సాగకుండా పడిన అడ్డంకి ‘చెక్’ అయింది. పద్నాలుగో శతాబ్ది కవి చాసర్ ఒక కావ్యంలో విధితో చదరంగం ఆడి ఓడి, తన రాణిపావును పోగొట్టుకున్న ఒక వీరుణ్ణి చిత్రించాడు. ఆ వీరుడు పోగొట్టుకున్నది నిజానికి భార్యను. ఆటలో మాట జీవితంలో దెబ్బకు పేరు కావడానికి అప్పటికే దారి పడిందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఫ్రెంచిలో ‘ఎషెక్’ నేటికీ ఓటమి అనే అర్థంలో సాధారణ పదం. ఇంగ్లీషు అంత దూరం పోలేదు. అదుపు, నిగ్రహం, అడ్డుకట్ట అన్న అర్థాల దగ్గర ఆగింది. గుర్రం తల దించకుండా పట్టే వారును ‘చెక్ రెయిన్’ అన్నారు. వరద వేగాన్ని తగ్గించే గోడ చెక్‌డ్యామ్ అయింది. రాయలసీమ పల్లెల్లో వాగుల మీద కనబడే చెక్‌డ్యాము కూడా ఈ పాయదే. అది నీటిని పూర్తిగా ఆపదు. ఉరవడి తగ్గించి భూమిలోకి ఇంకనిస్తుంది. రాజును చంపని ఆ పాత హెచ్చరిక స్వభావం అందులో చెక్కుచెదరకుండా ఉంది.

ఇక బల్ల సంగతి. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

చదరంగపు బల్లను పాత ఫ్రెంచిలో ‘ఎస్చెకియెర్’ అనేవారు. ఇంగ్లండులో మొదటి హెన్రీ పాలించిన 1100–1135 నడుమ రాజ్యపు లెక్కలు చూసే ఒక వ్యవస్థ నిలదొక్కుకుంది. దాని పేరు కూడా అదే. ఇంగ్లీషులో అది ‘ఎక్స్‌చెకర్’. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఇప్పటికీ ‘చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అంటారు. ఖజానాకూ చదరంగానికీ ఏమిటి సంబంధమన్న ప్రశ్న మనకు కొత్తగా వచ్చింది కాదు. 1170ల చివర రిచర్డ్ ఫిట్జ్‌నీల్ రాసిన లాటిన్ గ్రంథంలో ఒక శిష్యుడు తన గురువును సరిగ్గా ఇదే అడుగుతాడు. రిచర్డ్ దాదాపు 40 ఏళ్ళు రాజుగారి ఖజానాదారు. తాను రోజూ కూర్చున్న బల్లనే అతను వర్ణించాడు.

ఆ బల్ల పొడవు పది అడుగులు, వెడల్పు ఐదు. పైన పెట్టినవి కింద పడిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు. దాని మీద పరచే బట్ట ఏటా ఈస్టరు వేళ కొత్తగా కొంటారు. మామూలు బట్ట కాదు, నల్లటిది. దాని మీద అడుగు దూరానికో, చాచిన అరచేతి దూరానికో ఒకటి చొప్పున గీతలు. ఆ గీతల మధ్య వరసలే అంకెల స్థానాలు. కుడివైపు మొదటి వరస పెన్నీలకు. తర్వాతది షిల్లింగులకు, ఆపైది పౌండ్లకు. ఇంకా ఎడమకు పోతే ఇరవైలు, వందలు, వేలు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. కాబట్టి ఈ వరసలు మన ఒకట్లు, పదుల స్థానాల వంటివి కావు. ఒక్కో వరసకు ఒక్కో లెక్క. రోమన్ అంకెలతో, సున్నా లేకుండా, కాగితం మీద కూడికలు తీసివేతలు చేయడం ఆ కాలంలో నరకం. బట్ట మీద బిళ్ళలు జరిపితే అదే పని కళ్ళ ముందు జరిగిపోతుంది.

బల్లకు ఒకవైపు ఖజానాదారు, అతని గుమాస్తాలు. ఎదురుగా జిల్లా నుంచి వచ్చిన షెరీఫ్. అతను తన జిల్లా రాబడికి రాజుగారికి జవాబుదారీ. లెక్కలు కట్టేవాడు షెరీఫ్ చెల్లించాల్సిన మొత్తాన్ని పైవరసలో బిళ్ళలుగా పేరుస్తాడు. చెల్లించినదాన్ని దాని కింద పేరుస్తాడు. కిందివాటిని చూసుకుంటూ పైవాటిని ఒక్కొక్కటే తీసేస్తాడు. చివరికి పైన మిగిలినదే బాకీ. చదువు రాని షెరీఫ్ కూడా తన అప్పు ఎంతో కళ్ళారా చూడగలడు, అభ్యంతరం ఉంటే అక్కడే చెప్పగలడు. శిష్యుడికి గురువిచ్చిన జవాబులో రెండు కారణాలున్నాయి. మొదటిది, బల్ల రూపం చదరంగపు బల్లను పోలి ఉండడం. రెండోది, అక్కడ ఖజానాదారుకూ షెరీఫ్‌కూ మధ్య జరిగేది యుద్ధమే కావడం, మిగిలినవాళ్ళు చుట్టూ కూర్చుని తీర్పరులుగా చూడడం. లెక్కల తనిఖీని రెండు పక్షాల ఆటగా చూసిన ఈ రెండో కారణం చాలా లోతైనది. జమాబందీలో కచేరీ అధికారుల ముందు నిలబడిన మన కరణాలకు ఆ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

షెరీఫ్ డబ్బు కట్టినందుకు రసీదు కాగితం మీద రాసేవారు కాదు. హేజల్ కర్ర ముక్క ఇచ్చేవారు. దాన్ని ‘టాలీ’ అంటారు. పొడవు చూపుడువేలి కొస నుంచి చాచిన బొటనవేలి కొస దాకా. వెయ్యి పౌండ్లకు అరచేతి మందాన గాటు పెడతారు. వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెన వేలంత, ఒక పౌండుకు బాగా పండిన బార్లీ గింజంత. పెన్నీకి చెక్క ఊడకుండా చిన్న గీటు. తర్వాత ఆ కర్రను నిలువుగా చీలుస్తారు. గాట్లు రెండు ముక్కల మీదా ఉంటాయి. పెద్ద ముక్క ‘స్టాక్’ కట్టినవాడికి, చిన్న ముక్క ‘ఫాయిల్’ ఖజానాకు. లెక్క తేల్చేరోజున రెండూ కలిపి చూస్తారు. ఒకడు తన ముక్క మీద అదనంగా గాటు పెట్టుకున్నా అది రెండో ముక్కతో కలవదు. మోసానికి కర్రే అడ్డం పడుతుంది.

ఈ పద్ధతి నమ్మశక్యం కానంత కాలం బతికింది. 1782లో పార్లమెంటు దాన్ని రద్దు చేస్తూ చట్టం చేసినా, అమలు 1826 దాకా జరగలేదు. మిగిలిన పాత కర్రలను ఏం చేయాలన్న సమస్య వచ్చింది. 1834 అక్టోబరు 16న వాటిని ప్రభువుల సభ కింది పొయ్యిల్లో వేసి కాల్చారు. రోజంతా కాలిన ఆ మంటకు పొగగొట్టాలు వేడెక్కి, సాయంత్రానికి భవనం అంటుకుంది. రాత్రి తెల్లవారేసరికి వెస్ట్‌మిన్‌స్టర్ పాత పార్లమెంటు భవనాల్లో చాలా భాగం బూడిదయింది. ఇప్పుడు థేమ్స్ ఒడ్డున మనం ఫోటోల్లో చూసే పార్లమెంటు ఆ బూడిద మీద కట్టినది. పేదలకు పంచితే చలిమంటకు పనికొచ్చేవన్న ఆలోచన ఆ అధికారులకు రాలేదు. ఏడు వందల ఏళ్ళు నడిచిన పద్ధతికి గుర్తుగా మిగిలిన కర్రలు అలా పోయాయి.

హెచ్చరిక పాయ దగ్గరికి మళ్ళీ వద్దాం. అదుపు అన్న అర్థం నుంచి సరిచూడడం అన్న అర్థం పదిహేడో శతాబ్ది చివర పుట్టింది. ఒక లెక్కను అదుపులో ఉంచాలంటే దానికి జంటగా మరో లెక్క ఉండాలి. నేటి ‘కంట్రోల్’ అన్న మాట కూడా ఇలాంటి జంట చిట్టాకు ఉన్న ఫ్రెంచి పేరులోంచే వచ్చింది. ఒకదానితో ఒకటి పోల్చి చూడడం ‘చెక్ చేయడం’ అయింది. చెకప్, చెకింగ్, సామాన్లకు జంట బిళ్ళలిచ్చే రైల్వే ‘చెక్’, జవాబు సరైనదని పెట్టే గుర్తు, అన్నీ ఇక్కడివే. రాష్ట్రాల చెక్‌పోస్టులో ఆపడమూ సరిచూడడమూ రెండూ ఉన్నాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులను చాలా రాష్ట్రాలు ఎత్తేశాయి.

చెక్కు వాడకం ఆ పేరు కన్నా పాతది. లండన్‌లో మారిస్, క్లేటన్ అనే బ్యాంకర్ల మీద రాసిన 400 పౌండ్ల చెల్లింపు ఉత్తర్వు ఒకటి నిలిచి ఉంది. దాని మీది తేదీ 1659 ఫిబ్రవరి 16. నేటి లెక్కలో అది 1660. అప్పుడు దాన్ని ఎవరూ చెక్ అనలేదు. పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దొంగ కాగితాల బెడద తప్పించడానికి ముద్రించిన ఫారాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఫారానికి ఒక కౌంటర్‌ఫాయిల్ ఉండేది. చింపిన చోట రెండు ముక్కలూ కలిస్తేనే కాగితం అసలుది. ఆ కౌంటర్‌ఫాయిల్‌నే మొదట ‘చెక్’ అన్నారు, మోసాన్ని అడ్డగించేది కనుక. తర్వాత పేరు దానికి జంటగా ఉన్న కాగితానికి మారింది. చీల్చిన హేజల్ కర్ర చేసిన పనినే చింపిన కాగితం చేసింది. ‘ఫాయిల్’ అన్న మాట కూడా ఆ కర్ర నుంచే దానికి సంక్రమించింది.

1820లలో జేమ్స్ విలియం గిల్‌బార్ట్ అనే బ్యాంకరు రాసిన గ్రంథం ఈ మాటకు కొత్త అక్షరక్రమం వాడింది. మిగిలిన ‘చెక్’లతో గజిబిజి లేకుండా ఉండాలన్నది అతని కారణం. ‘ఎక్స్‌చెకర్’కు దగ్గరగా ఉండడం మరో కారణం. బ్రిటన్‌లో ఆ అక్షరక్రమమే నిలిచింది. అమెరికా ఇప్పటికీ పాత రాతనే వాడుతుంది. కేక నుంచి వచ్చిన అర్థానికి బల్ల నుంచి వచ్చిన వర్ణక్రమం తొడిగిన ఈ ఘట్టంలోనే రెండు పాయలూ కలిశాయి.

ఈ కాగితానికి అరబ్బీ ‘సక్’ అన్న మాటే మూలమని ఒక వాదం ప్రచారంలో ఉంది. సక్ అంటే బాకీ పత్రం. పదో శతాబ్దిలో ఇబ్న్ హౌకల్ అనే యాత్రికుడు సహారా ఎడారిలోని ఔదఘుస్త్‌లో 42,000 దీనార్లకు రాసిన సక్ ఒకటి చూశానని చెప్పాడు. ఎడారుల్లో బంగారం మోయకుండా పత్రంతో వ్యాపారం నడిపిన ఆ నాగరికతకు చెక్కు ఆలోచనలో పెద్దపీట దక్కాల్సిందే. మాట విషయంలో మాత్రం ఈ వాదాన్ని నేను ఒప్పుకోలేను. సక్ నుంచి ఇంగ్లీషు దాకా నడుమ మెట్లు కావాలి. అవి లేవు. పైగా ఇంగ్లీషులో ‘చెక్’ మొదట కౌంటర్‌ఫాయిల్ పేరు కావడం ఆ దారిని మూసేస్తుంది. రెండు వాదాల్లోనూ ఈ మాట పశ్చిమాసియా నుంచి వచ్చినదే కావడం విశేషం.

అదుపు అన్న అర్థం రాజనీతిలోకి కూడా వెళ్ళింది. 1787 నాటి అమెరికా రాజ్యాంగం శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు ఒకదాన్ని మరొకటి అదుపులో పెట్టుకునేలా ఏర్పాటు చేసింది. ‘చెక్స్ అండ్ బ్యాలెన్సెస్’ అన్న నానుడి దానితో స్థిరపడింది. ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మరో వాడుక గురించి. దానికి మన నేలతో నేరుగా సంబంధం ఉంది.

1798లో థామస్ మాల్థస్ జనాభా మీద రాసిన వ్యాసంలో రెండు రకాల ‘చెక్’లను చెప్పాడు. పెళ్ళి ఆలస్యం చేసుకోవడం వంటివి ముందుజాగ్రత్త చెక్‌లు. కరువు, రోగం, యుద్ధం పాజిటివ్ చెక్‌లు. తిండికి మించి పెరిగిన జనాభాను ప్రకృతే ఇలా అదుపు చేస్తుందని అతని వాదం. 1805 నుంచి 1834లో చనిపోయేదాకా మాల్థస్ ఈస్టిండియా కంపెనీ కాలేజీలో చరిత్ర, అర్థశాస్త్రం బోధించాడు. హెయిలీబరీలో స్థిరపడిన ఆ కాలేజీలో చదివిన యువకులే మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలకు సివిల్ అధికారులుగా వచ్చారు. అతను పాఠాలు చెబుతున్న చివరి ఏళ్ళలోనే, 1832–33లో, గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు ఊడ్చేసింది. డొక్కల కరువు అని కూడా జనం దాన్ని తలుచుకుంటారు. జిల్లాలోని సుమారు ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా చనిపోయారని అప్పటి అంచనాలు. అక్కడ కొలువు చేసిన ప్రతి అధికారీ మాల్థస్ కళ్ళతోనే చూశాడని అనడం అన్యాయం. అయినా లక్షల మంది ఆకలిచావును ప్రకృతి వేసిన ‘చెక్’ అనగలిగే భాష ఒకటి తయారై సిద్ధంగా ఉండడం చిన్న విషయం కాదు. అది ప్రకృతి ధర్మం కాదనడానికి రుజువు ఇరవై ఏళ్ళలోనే వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆ నీటితో డెల్టాలు లక్షల మందికి అన్నం పెట్టాయి. లోపించింది వాన ఒక్కటే కాదు, ప్రభుత్వపు బాధ్యత కూడా. ఆ మాటను పక్కన పెట్టడానికి ‘చెక్’ వంటి చల్లని పదం బాగా పనికొచ్చింది.

బల్ల పాయలో చివరి మజిలీ గుడ్డ. గళ్ళ బల్లను పోలిన నేతను ఇంగ్లీషువాళ్ళు పదిహేనో శతాబ్ది నుంచి ‘చెక్’ అంటున్నారు. తెలుగులో చదరంగపు గడికీ, లుంగీ మీది గళ్ళకూ ఒకే మాట వాడతాం కాబట్టి ఈ పోలిక మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు మచిలీపట్నంలో దిగి వర్తకస్థానం పెట్టారు. అప్పుడు గోలకొండను ఏలుతున్నవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా వాళ్ళకు ‘బంగారు ఫర్మానా’ ఇచ్చాడు. ఏటా 500 పగోడాలు కట్టి గోలకొండ రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చన్నది దాని సారాంశం. వచ్చినవాళ్ళ నోటిలోని ‘చెక్’, అనుమతిచ్చిన రాజు పేరులోని ‘షా’ ఒకే మాట. వెయ్యేళ్ళ కింద విడిపోయిన ఆ రెండు రూపాలు బందరు రేవులో ఎదురుపడ్డాయి. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

కోరమాండల్ తీరంలో గళ్ళ నేత అంతకుముందే ఉంది. పడుగు పోసేటప్పుడే ఏ రంగు నూలు ఎన్ని పోగులో లెక్క కడతారు. నాడె ఆడించే నేతగాడు పేకలో కూడా అదే లెక్క తప్పకుండా కండె మారుస్తాడు. పడుగు లెక్కా పేక లెక్కా కలిస్తేనే గడి చదరంగా వస్తుంది. ఎరుపుకు చిరివేరు, నీలానికి నీలిమందు. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీదా, చెన్నై పరిసరాల్లోనూ నేసిన ఇలాంటి గళ్ళ గుడ్డ ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో పశ్చిమాఫ్రికా చేరేది. ఈ వ్యాపారపు చీకటి కోణాన్ని దాచకూడదు. పద్దెనిమిదో శతాబ్దిలో గినీ తీరంలో మనుషులను బానిసలుగా కొనడానికి యూరపు వర్తకులు మారకంగా ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలుగుడ్డలు ముఖ్యమైనవి. మన మగ్గం మీద నేసిన చేతికి తన గుడ్డ ఏ బేరానికి పోతున్నదో తెలియదు.

నైజర్ డెల్టాలోని కలబరి జనం ఈ గళ్ళ గుడ్డను తమదిగా చేసుకున్నారు. దాన్ని ‘ఇంజిరి’ అంటారు. పుట్టుకలకూ, అంత్యక్రియలకూ అది లేనిదే జరగదు. కలబరి స్త్రీలు ఆ గుడ్డ మీద ఎంచుకున్న పోగులను బ్లేడుతో తెంపి, ఒక్కొక్కటే లాగేస్తారు. మన నేతగాడు వేసిన గళ్ళలోంచి వాళ్ళు కొత్త నమూనా తీస్తారు. ఆ గుడ్డ పేరు ‘పెలెటె బిటె’. కొత్త పోగు ఒక్కటి చేర్చకుండా, ఉన్న పోగులు తీసేసి చేసే ఈ కళ మన చేనేత చరిత్రలో భాగంగా తెలుగు పిల్లలకు చెప్పదగినది.

భారతదేశంలో చెక్కుకు చట్టరూపం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంతో వచ్చింది. దాని ఆరో సెక్షన్ చెక్కుకు నిర్వచనమిచ్చింది. 1988లో సవరణ చేసి చేర్చిన 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే శిక్ష పడే నేరమన్నది అప్పటి నుంచే. మొదట ఏడాదిగా ఉన్న గరిష్ఠ శిక్షను తర్వాత రెండేళ్ళు చేశారు. ‘చెక్‌బౌన్స్ కేసు’ అన్న మాట తెలుగు ఊళ్ళలో చదువురానివాళ్ళకూ తెలిసింది ఈ సెక్షన్‌తోనే.

తెలుగు ఈ మాటతో చేసిన పనిని భాషావేత్తలు గమనించాలి. బ్యాంకు కాగితాన్ని మనం చాలావరకు ‘చెక్కు’ అంటాం. అజంతంగా మార్చి, బ్యాంకు, రోడ్డు వరసలో చేర్చాం. సరిచూడడాన్ని మాత్రం ‘చెక్ చేయడం’ అంటాం, ‘చెక్కు చేయడం’ అనం. బ్రిటన్‌లో గిల్‌బార్ట్ వంటివాళ్ళు అక్షరక్రమంతో చేసిన విభజనను తెలుగు నోరు ఎవరూ చెప్పకుండా ఒక ఉకారంతో చేసింది. ఉలితో చెక్కు, బీరకాయ చెక్కు వేరే మాటలు. వాటికి దీనితో చుట్టరికం లేదు.

అంతకన్నా పెద్ద మార్పు ‘చెక్ పెట్టడం’లో జరిగింది. ‘అక్రమాలకు చెక్’, ‘దోమల బెడదకు చెక్’ అని తెలుగు పత్రికలు శీర్షికలు పెడతాయి. చదరంగంలో చెక్ అంటే హెచ్చరిక. ఆట ఇంకా మిగిలే ఉంటుంది, రాజుకు దారి ఉండవచ్చు. ఇంగ్లీషు వాడుకలో అదుపు చేయడం. తెలుగు శీర్షికలో మాత్రం పూర్తిగా ముగించడం. ‘చెక్‌మేట్’కు చెందాల్సిన అర్థాన్ని తెలుగు ‘చెక్’కు ఇచ్చేసింది. ఇది తప్పుడు వాడుక అనేవాళ్ళున్నారు. ‘షా’ను అడ్డంకిగా, అడ్డంకిని పోలికగా, పోలికను కాగితంగా మార్చిన మాట చరిత్ర తెలిసినవాళ్ళు ఆ మాట అనలేరు. ‘చెక్ పెట్టు: అంతం చేయు’ అన్నది ఇంగ్లీషులో లేని, తెలుగు నేల మీద పుట్టిన అర్థం. తెలుగు నిఘంటువుల్లో దానికి సొంత ఆరోపం ఉండాలి.